పాత విండోస్ ఇంట్లోకి కొత్త మ్యాక్‌బుక్ వస్తే

ఇంటర్ పూర్తిచేసి విశాఖపట్నంలో ఇంజినీరింగ్‌లో చేరిన పెద్దబిడ్డ, మొదటి సెలవులకు ఇంటికి వస్తూ కొత్త మ్యాక్‌బుక్ తెచ్చుకుంటుంది. చోడవరంలోని ఇంట్లో హాలు మూలన ఎప్పటినుంచో ఒక విండోస్ డెస్క్‌టాప్ ఉంటుంది. నాన్నగారి కొట్టు లెక్కలు, పెళ్ళిళ్ళ ఫొటోలు, స్కాన్ చేసిన ఆధార్ కార్డులు, తమ్ముడి ఎనిమిదో తరగతి ప్రాజెక్టులు అన్నీ అందులోనే. పక్కనే ప్రింటరు. తమ్ముడి సైన్సు ప్రాజెక్టును అక్క సరిదిద్దాలి, ఫైలు ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళాలి. రెండు కంప్యూటర్ల మధ్య దూరం ఆరడుగులు. అయినా ఆ ఫైలు వాట్సాప్‌లో ఎక్కి, ఎక్కడో ఉన్న సర్వరు దాకా వెళ్ళి, మళ్ళీ ఇదే ఇంటికి వస్తుంది. లేదంటే పెన్‌డ్రైవ్. అదే పెన్‌డ్రైవ్ నిన్న జిరాక్స్ షాపులో ఎన్ని కంప్యూటర్లకు తగిలి వచ్చిందో ఎవరికీ తెలియదు.

పేరెంట్స్ మీటింగులో కంప్యూటర్ టీచర్లను చాలామంది అడిగే ప్రశ్న ఇదే: "మాస్టారూ, మ్యాక్‌ని, విండోస్‌ని కలపవచ్చా?" మ్యాక్ బదులు కొందరి ఇంట్లో ఉబుంటు వేసిన లాప్‌టాప్ ఉంటుంది, ఇంకొందరి ఇంట్లో క్రోమ్‌బుక్. కలపవచ్చు. విడిగా సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పని లేదు. కావలసినవన్నీ ఆ కంప్యూటర్లలో ముందే ఉన్నాయి. చిక్కంతా మొదటి ప్రయత్నంలో అవి ఒకదానికొకటి కనబడనప్పుడు మనం చేసే పనులతోనే వస్తుంది. ఏదో వీడియో చూసి ఫైర్‌వాల్ ఆపేస్తాం, పాస్‌వర్డ్ అడగవద్దని టిక్కు తీసేస్తాం, సీ డ్రైవ్ మొత్తాన్ని అందరికీ తెరిచేస్తాం. ఫైలు వచ్చేస్తుంది, అందరూ సంతోషిస్తారు. ఆ తలుపులు మాత్రం మళ్ళీ ఎవరూ మూయరు. ఈ నెల పాఠం ముఖ్యంగా అందుకోసమే. ఒక్క ఫోల్డరు, దానికి ఒక్క అకౌంటు, ఒక పాస్‌వర్డ్. అంతకుమించి ఇంట్లో ఏదీ తెరవకుండా పని ఎలా జరుగుతుందో చూద్దాం.

ముందు రెండూ ఒకే వీధిలో ఉన్నాయా?

"కనబడటం లేదు" అన్న ఫిర్యాదు వచ్చిన చోట మ్యాక్‌ని తప్పుపట్టే ముందు వైఫైని చూడాలి. మన ఊళ్ళలో ఇది బాగా జరిగే సంగతి. ఫైబర్ కనెక్షన్ ఇచ్చినాయన ఒక పెట్టె బిగించి వెళ్తాడు. దాని సిగ్నల్ పడకగది దాకా రావడం లేదని మనం ఇంకో రూటరు కొని దానికి తగిలిస్తాం. ఇప్పుడు ఇంట్లో రెండు వైఫై పేర్లు ఉంటాయి. డెస్క్‌టాప్ ఒకదానిలో, లాప్‌టాప్ రెండోదానిలో. రెండింటిలోనూ ఇంటర్నెట్ వస్తుంది కాబట్టి అంతా ఒకటే అనుకుంటాం. కానీ రెండో రూటరు తన వెనుక వేరే వీధి కట్టేసుకుంది. ఆ వీధిలోవాళ్ళ ఇళ్ళ నంబర్లు ఈ వీధిలోవాళ్ళకు తెలియవు.

తేల్చుకోవడం సులభం. విండోస్‌లో స్టార్ట్ నొక్కి, సీఎండీ అనే మూడక్షరాలు ఇంగ్లిషులో కొట్టి, తెరుచుకున్న నల్ల కిటికీలో ఐపీకాన్ఫిగ్ అని టైపు చేసి ఎంటర్ కొట్టండి. ఐపీవీ4 అడ్రస్ అన్నచోట 192.168.1.5 లాంటి అంకెలు కనబడతాయి. మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్‌లో వైఫై దగ్గర, కలిసి ఉన్న నెట్‌వర్క్ పక్కనున్న డీటెయిల్స్ నొక్కితే దాని అంకెలు తెలుస్తాయి. మామూలు ఇళ్ళలో మొదటి మూడు అంకెలు రెండింటికీ ఒకేలా ఉండాలి. ఒకటి 192.168.1తో, మరొకటి 192.168.0తో మొదలైతే అవి వేరు వేరు వీధులు. మీరు కొన్న రూటరు సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటే అందులోకి మార్చండి, గోడ పోతుంది. అది చేతకాకపోతే ఫైళ్ళు పంచుకునేటప్పుడు రెండింటినీ ఒకే వైఫై పేరుకు కలపండి, చాలు.

ఇంకో రెండు చిన్న కారణాలు. లాప్‌టాప్ ఫోన్ హాట్‌స్పాట్ మీద ఉంటే అది అసలు మీ ఇంటి నెట్‌వర్క్‌లోనే లేదు. చుట్టాల కోసం పెట్టే గెస్ట్ వైఫై కూడా అంతే. చాలా రూటర్లలో గెస్ట్‌గా వచ్చినవారికి ఇంటర్నెట్ తప్ప ఇంట్లోని మిగతా యంత్రాలు కనబడవు. అది లోపం కాదు, దాని పనే అది. ఈ సంగతి కింద మళ్ళీ అవసరమవుతుంది.

రెండింటికీ తెలిసిన భాష

విండోస్ కంప్యూటర్లు నెట్‌వర్క్‌లో ఫైళ్ళు ఇచ్చిపుచ్చుకునే పద్ధతిని ఎస్‌ఎంబీ అంటారు. అది 1980లలో ఐబీఎంలో పుట్టింది, మైక్రోసాఫ్ట్ దాన్ని తీసుకుని పెంచింది. లోపల ఎలా పనిచేస్తుందో బయటివాళ్ళకు పూర్తిగా తెలిసేది కాదు. 1991 చివరలో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని యూనివర్సిటీలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పరిశోధక విద్యార్థికి సరిగ్గా మన ఇంటి సమస్యే ఎదురైంది. తన దగ్గరున్న పీసీకి, వేరే జాతి కంప్యూటర్‌కి ఫైళ్ళు కలవాలి. అతను తీగలో వెళ్తున్న సందేశాలను ఒక్కొక్కటే పట్టుకుని, దేనికి ఏం జవాబు వస్తోందో గమనించి, అదే మాట తిరిగి చెప్పగల ప్రోగ్రాము రాశాడు. కొత్త ఊరికి కాపురానికి వెళ్ళిన మనిషి సంతలో బేరాలు వింటూ అక్కడి భాష నేర్చుకున్నట్టు. తర్వాత దానికి పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు ఎస్, ఎమ్, బీ అక్షరాలు వరుసగా వచ్చే మాటల కోసం కంప్యూటర్‌లోని నిఘంటువును వెతికించాడు. దొరికిన వాటిలోంచి సాంబా అన్న పేరు తీసుకున్నాడు. ఈరోజు లినక్స్ కంప్యూటర్లు విండోస్‌తో మాట్లాడుతున్నాయంటే ఆ సాంబా పుణ్యమే.

ఆపిల్ కంపెనీకి ఒకప్పుడు తన సొంత పద్ధతి ఉండేది. 2013లో వచ్చిన మావరిక్స్ నుంచి మ్యాక్‌లు కూడా ఎస్‌ఎంబీనే మొదటి భాషగా తీసుకున్నాయి. ఫైళ్ళు పంచుకునేంతవరకు "మ్యాక్ వేరు, విండోస్ వేరు" అన్న మాటకు అప్పటినుంచి పెద్దగా బలం లేదు. మన పిల్లలు ఈ సంగతి తెలుసుకోవడం మంచిదని మా అభిప్రాయం. ఏ కంపెనీ యంత్రం గొప్పదన్న వాదన కంటే, వేరు వేరు కంపెనీల యంత్రాలు ఒక ఒప్పుకున్న పద్ధతి మీద మాట్లాడుకోవడమే కంప్యూటర్ సైన్సులో ఆసక్తికరమైన భాగం. పరీక్షలో ప్రోటోకాల్ అంటే ఏమిటని అడిగితే కంఠస్థం చేసిన నిర్వచనం రాసే పిల్లవాడికి, ఇంట్లో ఇది ఒకసారి చేయిస్తే ఆ మాట అర్థం జీవితంలో మరిచిపోడు.

డెస్క్‌టాప్‌లో చేయవలసింది

ఎక్కువ ఓపిక కావలసింది ఇక్కడే. ఆదివారం పొద్దున్న పిల్లలతో కలిసి కూర్చుంటే సరిపోతుంది.

మొదట ఫోల్డరు. డీ డ్రైవ్‌లో కొత్త ఫోల్డరు తెరిచి దానికి ఇల్లు అని ఇంగ్లిషు అక్షరాల్లో పేరు పెట్టండి. డెస్క్‌టాప్ తెర మీదో, డాక్యుమెంట్స్‌లోనో పెట్టవద్దు. అక్కడి ఫోల్డర్లు షేర్ చేస్తే కొన్నిసార్లు యూజర్స్ అనే పెద్ద ఫోల్డరు కూడా వెంట తెరుచుకుంటుంది. ఒక గది తాళం ఇద్దామనుకుంటే తాళాల గుత్తి ఇచ్చినట్టవుతుంది. డీ డ్రైవ్ లేనివాళ్ళు సీ డ్రైవ్‌లోనే, కానీ పై వరుసలో విడిగా పెట్టుకోండి. ఆ ఫోల్డర్లో పంచుకోవలసినవి మాత్రమే ఉండాలి. ఆధార్ స్కాన్లు, బ్యాంకు పాసుపుస్తకం కాపీలు, కొట్టు లెక్కలు అందులోకి రానే రాకూడదు.

తర్వాత అకౌంటు. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడ. మ్యాక్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. మీరు రోజూ డెస్క్‌టాప్ తెరిచే నాలుగంకెల పిన్ కొడతారు. తప్పు అంటుంది. మళ్ళీ కొడతారు, మళ్ళీ తప్పు. పిన్ అన్నది ఆ ఒక్క యంత్రం ముందు కూర్చున్నవారి కోసం. నెట్‌వర్క్ మీదుగా వచ్చేవారికి అది చెల్లదు. వాళ్ళకు అసలు పాస్‌వర్డ్ కావాలి. మీ విండోస్ ఈమెయిల్‌తో తెరిచినదైతే ఆ మైక్రోసాఫ్ట్ అకౌంటు పాస్‌వర్డ్ అడుగుతుంది. అది చాలామందికి గుర్తే ఉండదు. గుర్తున్నా ఇవ్వకూడదు. మీ మెయిలు, వన్‌డ్రైవ్ అన్నింటికీ అదే తాళం కదా.

అందుకని ఫైళ్ళు పంచుకోవడానికే ఒక చిన్న అకౌంటు తయారుచేయండి. సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్, యాడ్ అకౌంట్. ఈమెయిల్ అడిగితే ఈ వ్యక్తి వివరాలు నా దగ్గర లేవన్న లైను నొక్కండి, తర్వాత మైక్రోసాఫ్ట్ అకౌంటు లేకుండా యూజర్‌ను చేర్చమన్న లైను నొక్కండి. పేరు చిన్నదిగా, ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టండి. పాస్‌వర్డ్ మాత్రం పొడుగ్గా ఉండనివ్వండి. ఖాళీగా వదిలేస్తే విండోస్ ఆ అకౌంటును నెట్‌వర్క్ మీదుగా రానివ్వదు. పిల్లల పుట్టినరోజులు, బండి నంబర్లు వద్దు. దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా మార్చకండి, స్టాండర్డ్ యూజర్‌గానే ఉంచండి. కంప్యూటర్ తెరిచినప్పుడు ఈ కొత్త పేరు కూడా తెర మీద కనబడుతుంది, కంగారుపడవద్దు.

ఇప్పుడు ఇల్లు ఫోల్డరు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, షేరింగ్, షేర్. వచ్చిన జాబితాలో ఆ కొత్త పేరు ఎంచుకుని చేర్చండి. పక్కన రీడ్ అని ఉంటే చదవడానికి మాత్రమే. రీడ్ రైట్ అంటే అందులో ఫైలు పెట్టవచ్చు, మార్చవచ్చు, చెరపవచ్చు. జాబితాలో ఎవ్రీవన్ అన్న పేరు ఊరిస్తూ కనబడుతుంది. దాని జోలికి వెళ్ళవద్దు. మా సలహా ఏమిటంటే రెండు ఫోల్డర్లు పెట్టుకోవడం: పెళ్ళి ఫొటోలు, పాఠాల వీడియోలు ఉన్నదానికి రీడ్, రోజూ ఇచ్చిపుచ్చుకునేదానికి రీడ్ రైట్. ఎవరో నిద్రమత్తులో డిలీట్ కొట్టినా చెల్లి పెళ్ళి ఆల్బమ్ నిలుస్తుంది.

చివరగా నెట్‌వర్క్ ప్రొఫైల్. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌కి వెళ్ళి, మీ వైఫై ప్రాపర్టీస్‌లో పబ్లిక్ అని ఉంటే ప్రైవేట్‌గా మార్చండి. పబ్లిక్ అంటే విండోస్ తాను బస్టాండులో ఉన్నాననుకుంటుంది, ఎవరినీ పలకరించదు. ప్రైవేట్ అంటే ఇంట్లో ఉన్నానని దాని నమ్మకం. అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ కింద నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్ చేయండి. అక్కడే అడుగున పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ అని ఒకటి ఉంటుంది. అది ఆన్‌లోనే ఉండాలి. ఇంటర్నెట్‌లో సగం వీడియోలు ఆపమని చెప్పేది దాన్నే. ఫైర్‌వాల్ ముట్టుకోనక్కరలేదు, ప్రైవేట్ చేసి షేరింగ్ ఆన్ చేస్తే కావలసినంత దారి అదే ఇస్తుంది.

మ్యాక్ వైపు ఒక్క నిమిషం

ఫైండర్ తెరిచి, పైన గో మెనూలో కనెక్ట్ టు సర్వర్ నొక్కండి. అడ్రస్ గడిలో ఎస్‌ఎంబీ అని చిన్న ఇంగ్లిషు అక్షరాల్లో, తర్వాత కోలన్, రెండు వాలు గీతలు, ఆ వెంటనే డెస్క్‌టాప్ ఐపీ అంకెలు కొట్టండి. గెస్ట్‌గానా, రిజిస్టర్డ్ యూజర్‌గానా అని అడుగుతుంది. రిజిస్టర్డ్ యూజర్ ఎంచుకుని, ఇందాక చేసిన చిన్న అకౌంటు పేరు, పాస్‌వర్డ్ ఇవ్వండి. ఇల్లు ఫోల్డరు తెరుచుకుంటుంది. అంతే.

ఉబుంటులో అయితే ఫైల్స్ తెరిచి, ఎడమ పక్కన నెట్‌వర్క్ అనో, అదర్ లొకేషన్స్ అనో ఉన్నచోట అదే అడ్రస్ ఇవ్వాలి. క్రోమ్‌బుక్‌లో ఫైల్స్ యాప్‌లో మూడు చుక్కల మెనూ నుంచి కొత్త సర్వీసు చేర్చమని చెప్పి ఎస్‌ఎంబీ ఫైల్ షేర్ ఎంచుకోవాలి. మూడు యంత్రాలకూ మూడు దారులు, చిరునామా మాత్రం ఒకటే.

వారం తర్వాత "నిన్నటిదాకా వచ్చింది, ఈరోజు రావడం లేదు" అంటే మూడు అనుమానాలు. డెస్క్‌టాప్ నిద్రపోయి ఉండవచ్చు. కరెంటు పోయి వచ్చాక రూటరు దానికి కొత్త ఐపీ అంకె ఇచ్చి ఉండవచ్చు, అప్పుడు మళ్ళీ ఐపీకాన్ఫిగ్ చూసుకోవాలి. ఇలా మాటిమాటికీ మారుతుంటే రూటరు సెట్టింగ్స్‌లో అడ్రస్ రిజర్వేషన్ అన్నచోట డెస్క్‌టాప్‌కు ఒక అంకె ఖాయం చేసుకోవచ్చు. మూడోది, డెస్క్‌టాప్‌ను వేరే వైఫైకి మార్చినప్పుడు అది మళ్ళీ పబ్లిక్ అయిపోయి ఉండవచ్చు.

2017 మే నెలలో ఏం జరిగింది

ఇంత జాగ్రత్త దేనికని అనుకునేవారి కోసం ఈ భాగం. 2017 మే 12న వాన్నాక్రై అనే ప్రోగ్రాము ప్రపంచం మీద పడింది. కంప్యూటర్‌లోని ఫైళ్ళన్నింటికీ తాళం వేసి, తెరవాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టమని ఎర్రటి తెర చూపించేది. కొద్ది రోజుల్లో 150కి పైగా దేశాలకు పాకింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాల్సి వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి, అందులో మన విశాఖ వైపువీ ఉన్నాయి.

అది ఎలా పాకిందన్నదే మనకు కావలసిన సంగతి. ఎవరూ ఏ లింకూ నొక్కనవసరం లేకుండా, ఒక కంప్యూటర్ నుంచి పక్క కంప్యూటర్‌కు తనంతట తానే ఎక్కేది. ఎక్కిన మెట్టు మనం ఇంతసేపూ మాట్లాడుకున్న ఎస్‌ఎంబీయే, దాని పాత మొదటి వెర్షన్. ఆ కంత పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, 2017 మార్చి 14న ఇచ్చింది. అది వేసుకోని యంత్రాలే దెబ్బతిన్నాయి. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ ఆ మొదటి వెర్షన్‌ను మామూలుగా ఆన్ చేసి ఇవ్వడం మానేసింది.

కాబట్టి కొత్త లాప్‌టాప్ కనబడటం లేదని వెతుకుతుంటే, విండోస్ ఫీచర్స్‌లోకి వెళ్ళి ఎస్‌ఎంబీ 1.0 టిక్కు పెట్టమని ఎవరైనా చెబితే వినకండి. మ్యాక్‌కి, ఉబుంటుకి, క్రోమ్‌బుక్‌కి దాని అవసరం లేదు, అవి కొత్త వెర్షన్లతోనే మాట్లాడతాయి. అది అడిగేవి చాలా పాత స్టోరేజీ పెట్టెలు, పాత స్కానర్లు. అలాంటి ఒక్క పరికరం కోసం ఇంటి మొత్తాన్ని తొమ్మిదేళ్ళు వెనక్కి తీసుకెళ్ళడం తగదు.

ఇంకో మాట. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. హాల్లోని డెస్క్‌టాప్ ఇంకా దాని మీదే నడుస్తుంటే, పిల్లల ఫైళ్ళన్నింటికీ దాన్ని కేంద్రంగా పెట్టే ముందు విండోస్ 11కి మారగలదేమో చూడండి. మారలేని పాత యంత్రమైతే ఏర్పాటును తిరగేయవచ్చు. ఫోల్డరును మ్యాక్‌లో పెట్టి, సిస్టమ్ సెట్టింగ్స్, జనరల్, షేరింగ్‌లో ఫైల్ షేరింగ్ ఆన్ చేస్తే డెస్క్‌టాపే వచ్చి తీసుకుంటుంది. ఆ ఆప్షన్స్‌లో విండోస్ ఫైల్ షేరింగ్ కింద మీ పేరుకు టిక్కు పెట్టడం మరచిపోకండి.

ఫైలు వచ్చింది, తెలుగు రాలేదు

రెండు యంత్రాలు కలిశాక మన తెలుగువాళ్ళకు వచ్చే చిక్కు ఒకటుంది. డెస్క్‌టాప్‌లో చక్కగా కనబడే తెలుగు వ్యాసం మ్యాక్‌లో తెరిస్తే ఇంగ్లిషు అక్షరాలు, ఆశ్చర్యార్థకాలు కలగాపులగంగా వస్తాయి. నెట్‌వర్క్ తప్పు కాదు. డీటీపీ సెంటర్లలో వాడే అను వంటి పాత ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టి పని నడిపిస్తాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో బొమ్మలు పోయి, అడుగునున్న అక్షరాలు బయటపడతాయి. యూనికోడ్‌లో టైపు చేస్తే ఈ బాధ లేదు. తెలుగు ప్రతి అక్షరానికీ ప్రపంచమంతా ఒప్పుకున్న ఒక సంఖ్య అందులో ఉంటుంది. విండోస్‌లో గౌతమి, నిర్మల, మ్యాక్‌లో కోహినూర్ తెలుగు, లినక్స్‌లో లోహిత్ ఇలా ఫాంటు మారి అక్షరం సొగసు మారుతుందే కానీ మాట చెడదు. మండలి, ఎన్టీఆర్, రామభద్ర, గిడుగు వంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. రెండు యంత్రాల్లోనూ ఒకటే వేసుకుంటే ప్రాజెక్టు పేజీలు అటూ ఇటూ జరగవు. అను ఫాంటులో ఉన్న పాత ఫైలును పంపక తప్పకపోతే డెస్క్‌టాప్‌లోనే పీడీఎఫ్‌గా మార్చి ఇవ్వండి.

ఫైళ్ళ పేర్లలోనూ చిన్న తగవులుంటాయి. మ్యాక్‌లో, లినక్స్‌లో పేరులో ప్రశ్నార్థకం పెట్టవచ్చు, విండోస్ ఒప్పుకోదు. ఉబుంటుకు పెద్ద అక్షరంతో మొదలైన మ్యాథ్స్ వేరు, చిన్న అక్షరంతో మొదలైన మ్యాథ్స్ వేరు, విండోస్‌కి రెండూ ఒకటే. పిల్లలకు చిన్న అక్షరాలు, అంకెలు, అడ్డగీతలతో పేర్లు పెట్టడం అలవాటు చేస్తే సరి. ఇల్లు ఫోల్డర్లో డీఎస్ స్టోర్ అనో, చుక్క కింది గీతతో మొదలయ్యే పేర్లతోనో తెలియని ఫైళ్ళు కనబడితే వైరస్ అని భయపడకండి. మ్యాక్ తన గుర్తు కోసం వదిలి వెళ్ళే చీటీలవి.

ప్రింటరు గురించి

వైఫై ఉన్న కొత్త ప్రింటరైతే పేచీ లేదు. డబ్బా మీద ఎయిర్‌ప్రింట్ అని ఉంటే మ్యాక్ దాన్ని తానే పట్టుకుంటుంది. కానీ మన ఇళ్ళలో, కొట్లలో ఎక్కువగా ఉన్నవి హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 లాంటి గట్టి పాత యంత్రాలు. వాటికి యూఎస్‌బీ తీగ తప్ప వేరే దారి లేదు. పేజీ ఎలా ముద్రించాలన్న లెక్క కూడా వాటిలో ఉండదు, కంప్యూటరే లెక్కకట్టి పంపాలి. అందుకు ప్రత్యేకమైన డ్రైవరు కావాలి. మ్యాక్‌తో వాటిని కలపాలని ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకోవడం కంటే, మ్యాక్‌లో పీడీఎఫ్‌గా సేవ్ చేసి ఇల్లు ఫోల్డర్లో వేసి, డెస్క్‌టాప్ నుంచి ప్రింటు కొట్టడం మేలు. అందంగా లేకపోవచ్చు, కానీ ప్రతిసారీ పనిచేస్తుంది.

ఆఫీసు లాప్‌టాప్ ఉన్న ఇళ్ళు

అమ్మో నాన్నో ఇంటి నుంచి పనిచేస్తుంటే కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్ కూడా అదే వైఫైలో ఉంటుంది. దాన్ని ఈ ఏర్పాటులో కలపవద్దు. అది మీ వస్తువు కాదు. అందులో ఏ ఫోల్డరుకు కలిశారో, ఏ ఫైలు కాపీ చేశారో కంపెనీ ఐటీ వాళ్ళు చూడవచ్చు. చాలా కంపెనీల నిబంధనలు ఒప్పుకోవు కూడా. పైన చెప్పిన గెస్ట్ వైఫై ఇందుకు చక్కగా సరిపోతుంది. ఇంటర్నెట్ వస్తుంది, ఇంట్లోని మిగతా యంత్రాలు దానికి కనబడవు, అది వాటికి కనబడదు. స్మార్ట్ టీవీని, వీధిగుమ్మం కెమెరాను కూడా అందులోనే ఉంచేవారున్నారు. మంచి పద్ధతే.

కాపీ మరోచోట, తాళం ఎవరి దగ్గర

పంచుకున్న ఫోల్డరును దాచుకున్న ఫోల్డరు అనుకోవద్దు. డెస్క్‌టాప్ హార్డ్ డిస్కు పోతే రెండు కంప్యూటర్ల నుంచీ ఒకేసారి పోతుంది. వాన్నాక్రై వంటివి షేర్ చేసిన ఫోల్డర్లలోకి కూడా వెళ్ళి తాళం వేయగలవు. నెలకొకసారి ఒక బయటి హార్డ్ డిస్కుకు కాపీ చేసి, తీగ ఊడదీసి బీరువాలో పెట్టండి. తీగ ఊడదీయడమే ముఖ్యం. ఆ డిస్కును రెండు యంత్రాల్లోనూ వాడాలనుకుంటే కొనగానే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసుకోండి. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఉంటే మ్యాక్ చదువుతుంది గానీ రాయదు. ఫార్మాట్ చేస్తే ఉన్నదంతా పోతుంది కాబట్టి ఫైళ్ళు ఎక్కించక ముందే ఆ పని చేయాలి.

సెలవులు అయిపోయి అమ్మాయి తిరిగి హాస్టల్‌కు వెళ్ళే ముందు ఆమె మ్యాక్‌లో ఫైల్ షేరింగ్ ఆన్‌లో ఉందేమో చూసి ఆపమనండి. హాస్టల్ వైఫైలో వందమంది ఉంటారు. ఎయిర్‌డ్రాప్‌ను కాంటాక్ట్స్ ఓన్లీకి మార్చమనండి. ఇల్లు ఫోల్డరు పాస్‌వర్డ్ ఆమె మ్యాక్‌లోని కీచెయిన్‌లో దాగి ఉంటే ఇబ్బంది లేదు, ఇంటి వైఫైలో ఉన్నప్పుడు మాత్రమే అది పనికొస్తుంది. లాప్‌టాప్ ఎప్పుడైనా పోతే డెస్క్‌టాప్‌లో ఆ చిన్న అకౌంటు పాస్‌వర్డ్ ఒక్కటి మార్చేయండి. మీ సొంత అకౌంటు, మెయిలు, బ్యాంకు దేన్నీ కదపనక్కరలేదు.